‘ఫోన్ నంబర్ చెప్పండి’: మెడికల్ షాపులో మన మందుల డేటా ఎటు పోతోంది?

విజయవాడ సూర్యారావుపేటలో ఏ మెడికల్ షాపుకి వెళ్లినా, మందుల చీటీ ఇచ్చాక రెండు ప్రశ్నలు గ్యారంటీ. ఒకటి, "ఎన్ని రోజులకి?" రెండోది, "ఫోన్ నంబర్ చెప్పండి." మొదటిది ఎందుకో అందరికీ తెలుసు. రెండోది ఎందుకని తిరిగి అడిగేవాళ్లు చాలా తక్కువ.

మన సైట్‌లో ఫోన్‌లో ర్యామ్ ఎంత, ఛార్జింగ్ ఎన్ని వాట్స్, కెమెరా రాత్రిపూట ఎలా పనిచేస్తుంది లాంటివి చూస్తుంటాం. ఈసారి ఫోన్ కాకుండా, ఆ ఫోన్ నంబర్ పక్కన చేరే ఒక లిస్టు గురించి రాస్తున్నా. మీరు, మీ అమ్మానాన్నలు ఏయే మందులు వాడుతున్నారో చెప్పే లిస్టు అది. అది ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరికి పనికొస్తుంది, చట్టం ఏమంటోంది, మన ఫోన్‌లో ఏ సెట్టింగ్స్ మార్చుకోవాలి... ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇది మన రాష్ట్రంలోనే జరిగింది

"మన మందుల లిస్టు ఎవడిక్కావాలి బ్రో" అనుకునేవాళ్ల కోసం ముందు ఈ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో తక్కువ ధరకి జెనరిక్ మందులు అమ్మడానికి ప్రభుత్వం ‘అన్న సంజీవిని’ పేరుతో షాపులు నడిపింది. 2018 జూన్‌లో ఆ షాపుల అమ్మకాలు చూపించే ఒక ప్రభుత్వ వెబ్‌సైట్ డాష్‌బోర్డ్ ఎవరైనా చూసేలా ఓపెన్‌గా ఉందని సెక్యూరిటీ రీసెర్చర్ శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. హఫ్‌పోస్ట్ ఇండియా ఆ వార్త రాసింది. ఏ షాపులో ఏ మందు కొన్నారు, కొన్నవాళ్ల పేరేంటి, ఫోన్ నంబర్ ఏంటి, అన్నీ అందులో కనిపించాయి. వయాగ్రా జెనరిక్ కొన్నవాళ్ల వివరాలు కూడా ఉండటంతో వార్త బాగా వైరల్ అయింది.

చాలామంది నవ్వుకుని వదిలేశారు. కానీ ఆ లిస్టులో బీపీ, షుగర్, మానసిక సమస్యల మందులు కొన్నవాళ్లూ ఉండొచ్చని ఆలోచించండి. ఇక్కడ హ్యాకర్ ఎవరూ లేరు, పాస్‌వర్డ్ దొంగతనం లేదు. అమ్మకాలు లెక్కపెట్టడానికి తయారుచేసిన పేజీలో కొన్నవాళ్ల పేర్లు కూడా పెట్టేశారు, అంతే. ఎన్ని స్ట్రిప్పులు అమ్ముడయ్యాయో తెలుసుకోవడానికి కొన్న మనిషి నంబర్ అక్కర్లేదు కదా.

అదే ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్ నుంచి సుమారు 1.34 లక్షల మంది ఆధార్ వివరాలు బయటికొచ్చాయి. వాటితో పాటు బ్యాంకు వివరాలు, కులం, మతం కూడా ఉన్నాయి. ఇలాంటి లిస్టులు విడివిడిగా చూస్తే పెద్ద విషయంగా అనిపించవు. రెండింటినీ కలిపితే ఒక మనిషి జాతకం మొత్తం వచ్చేస్తుంది.

చీటీ మీద రోగం పేరు ఉండక్కర్లేదు

మందుల లిస్టులో జబ్బు పేరు రాయరు. కానీ మందు పేరే జబ్బు పేరు చెప్పేస్తుంది. మెట్‌ఫార్మిన్ అంటే ఎక్కువగా షుగర్. లెవోథైరాక్సిన్ అంటే థైరాయిడ్. లెవెటిరాసెటమ్ అంటే ఫిట్స్. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ మూడూ కలిసిన మాత్ర రోజూ ఒకటి అంటే హెచ్‌ఐవీ చికిత్స. ఈ లింక్ పట్టుకోవడానికి ఏఐ కూడా అవసరం లేదు, చిన్న ఎక్సెల్ షీట్ చాలు.

పైగా మందుల డేటాకి తేదీలు కూడా ఉంటాయి. నెలనెలా కొంటున్నారా, డోస్ పెరిగిందా, మధ్యలో మానేశారా, ఇంట్లో ఎంతమంది పేషెంట్లు... ఇవన్నీ ఒకే నంబర్ కింద పేరుకుపోతాయి. ఇన్సూరెన్స్ ఏజెంట్ దగ్గర్నుంచి పెళ్లి సంబంధం వాకబు చేసేవాళ్ల దాకా ఈ సమాచారం కావాలనుకునేవాళ్లు ఉంటారు. ఫిట్స్ మందు వాడుతున్న ఒక అమ్మాయికి సంబంధం ఎందుకు తప్పిపోయిందో ఆ ఇంట్లోవాళ్లకి ఎప్పటికీ తెలియకపోవచ్చు.

అవనిగడ్డలోనో, చల్లపల్లిలోనో మెడికల్ షాపు నడిపే పెద్దాయనకి ఊరందరి రోగాలూ తెలుసు. అది కొత్తేం కాదు. కానీ ఆయన బయట చెప్పడు. చెప్తే రేపట్నుంచి షాపుకి ఎవరూ రారు. ఆయన గుర్తుపెట్టుకున్నది ఆయనతోనే ఉంటుంది, దాన్ని కాపీ చేసి ఇంకొకరికి పంపలేరు. అదే సమాచారం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి, అక్కడ్నుంచి క్లౌడ్‌లోకి వెళ్తే, దాన్ని చూసేవాళ్లెవరూ మన ఊరివాళ్లు కారు, మన మొహం చూసి మొహమాటపడేవాళ్లూ కారు.

అసలు చట్టం అడిగేది ఏంటి?

మెడికల్ షాపు కొన్ని వివరాలు రాసుకోవాలన్నది నిజమే. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు, నిద్రమాత్రల్లాంటివి అమ్మితే విడిగా ఒక రిజిస్టర్‌లో రాయాలి. అందులో డాక్టర్ పేరు, అడ్రస్, పేషెంట్ పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారు అనేవి ఉండాలి. ఆ రికార్డు మూడేళ్లు దాచాలి. యాంటీబయాటిక్స్ ఇష్టమొచ్చినట్టు అమ్మకుండా ఉండటానికి ఇది మంచి రూలే. టీబీ మందులు అమ్మే షాపులు ఆ వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలని 2018లో ఇచ్చిన ఆదేశం కూడా ప్రజారోగ్యం కోసమే.

కానీ హెచ్1 లిస్టు ఇంకోసారి చూడండి. ఫోన్ నంబర్ ఎక్కడైనా ఉందా? లేదు.

2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఈ విషయంలో రిటైల్ వ్యాపారులకి ఒక అడ్వైజరీ ఇచ్చింది. ఫోన్ నంబర్ ఇస్తేనే బిల్లు ఇస్తాం అని కస్టమర్లని పట్టుబట్టొద్దన్నది దాని సారాంశం. అంటే నంబర్ ఇవ్వడం మన ఇష్టం.

నేను సూర్యారావుపేట, పటమట వైపు కొన్ని షాపుల్లో "నంబర్ ఇవ్వనండీ" అని చెప్పి చూశా. చాలాచోట్ల ఏమీ అనకుండా బిల్లు ఇచ్చేశారు. ఒక షాపులో కుర్రాడు, "సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదన్నా, పది అంకెలు కొట్టాల్సిందే" అని వరసగా పది తొమ్మిదులు కొట్టేశాడు. బిల్లు వచ్చేసింది! చెప్పొచ్చేదేంటంటే, అక్కడ నంబర్ అడిగింది చట్టం కాదు, సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాడు పెట్టిన బాక్సు.

ఒక మాట. అలాగని నోటికొచ్చిన నంబర్ చెప్పొద్దు. అది ఎవరో ఒకరిదై ఉంటుంది. మన మందుల లిస్టు ఆయన ఖాతాలో పడుతుంది. ఇవ్వనని చెప్పడమే సరైన పద్ధతి.

పేరు కంటే నంబర్‌కే విలువ ఎక్కువ

కృష్ణా జిల్లాలో వెంకటేశ్వరరావు అనే పేరున్నవాళ్లు ఎంతమంది ఉంటారో లెక్కేలేదు. కానీ పది అంకెల నంబర్ ఒక్కరిదే. దాంతోనే వాట్సాప్, యూపీఐ, ఫుడ్ డెలివరీ, ఇన్‌స్టాగ్రామ్ లాగిన్ అన్నీ నడుస్తాయి. రెండు కంపెనీల దగ్గర ఉన్న వేర్వేరు లిస్టుల్ని కలిపే తాళంచెవి అదే.

"మేం నంబర్‌ని హ్యాష్ చేసి పంపుతాం, కాబట్టి సేఫ్" అని కొన్ని యాప్స్ ప్రైవసీ పాలసీలో రాస్తాయి. టెక్ తెలిసినవాళ్లకి ఇది ఎంత బలహీనమో అర్థమవుతుంది. హ్యాష్ అంటే ఒక నంబర్‌ని తిరిగి వెనక్కి మార్చలేని కోడ్‌గా మార్చడం. వెనక్కి మార్చలేం నిజమే, కానీ మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి. అంటే మొత్తం కలిపి 400 కోట్ల నంబర్లే సాధ్యం. మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న గేమింగ్ పీసీ ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి మామూలు హ్యాష్‌లని సెకనుకి వందల కోట్లలో లెక్కేస్తుంది. ఉన్న నంబర్లన్నిటికీ హ్యాష్ తయారుచేసి పోల్చి చూడటం టీ తాగేలోపు అయిపోయే పని.

పైగా యాడ్ కంపెనీకి వెనక్కి మార్చాల్సిన అవసరం కూడా లేదు. తన దగ్గర ఉన్న నంబర్లని అదే పద్ధతిలో హ్యాష్ చేసి రెండూ మ్యాచ్ అవుతున్నాయా అని చూస్తే చాలు.

ఈ డేటా కొనేదెవరు?

ముందు మన వీధి సంగతి. మెడికల్ రెప్‌గా పనిచేసే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ‘ఆర్‌సీపీఏ’ అంటే ఏంటని అడగండి. డాక్టర్ క్లినిక్ దగ్గరున్న మెడికల్ షాపుకి వెళ్లి, ఆ డాక్టర్ ఏ బ్రాండ్ ఎక్కువ రాస్తున్నారు, పోటీ కంపెనీది ఎంత కదులుతోంది అని కనుక్కోవడం. ఇందులో పేషెంట్ పేరు అక్కర్లేదు. కానీ మన చీటీల మీద కంపెనీలకి ఎంత ఆసక్తి ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అమెరికాలో ఇదే పని కంప్యూటర్లతో పెద్ద ఎత్తున జరిగింది. ఏ డాక్టర్ ఏం రాస్తున్నారో ఫార్మసీల నుంచి కొని, విశ్లేషించి, మందుల కంపెనీలకి అమ్మే వ్యాపారం అది. వెర్మాంట్ రాష్ట్రం 2007లో చట్టం చేసి, డాక్టర్ అనుమతి లేకుండా ఆ డేటాని మార్కెటింగ్‌కి వాడొద్దంది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2011 జూన్‌లో 6-3 మెజారిటీతో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. డేటా అమ్మడం, వాడటం కూడా భావప్రకటన కిందకే వస్తుందన్నది అక్కడి వాదన. ఒకసారి పెద్ద వ్యాపారం అయ్యాక దాన్ని ఆపడం ఎంత కష్టమో ఈ కేసు చెప్తుంది.

యాప్స్ విషయానికొస్తే గుడ్‌ఆర్‌ఎక్స్ కేసు తప్పక తెలుసుకోవాలి. మందుల మీద డిస్కౌంట్ కూపన్లు ఇచ్చే అమెరికన్ యాప్ ఇది. వాడేవాళ్ల ఆరోగ్య వివరాలు ఫేస్‌బుక్, గూగుల్ లాంటి వాటితో పంచుకుందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 ఫిబ్రవరిలో చర్య తీసుకుంది. గుండెజబ్బు, బీపీ లాంటి వాటి మందులు కొన్నవాళ్ల లిస్టులు తయారుచేసి, వాళ్ల ఈమెయిల్స్, ఫోన్ నంబర్లు, అడ్వర్టైజింగ్ ఐడీలు 2019లో ఫేస్‌బుక్‌కి అప్‌లోడ్ చేసిందని కమిషన్ చెప్పింది. పెనాల్టీ 15 లక్షల డాలర్లు. ఇక్కడ కూడా ఎవరూ హ్యాక్ చేయలేదు. యాప్‌లో పెట్టిన ట్రాకింగ్ కోడ్ తన పని తాను చేసింది.

మన దేశంలో ఆన్‌లైన్ మందుల యాప్స్ పెద్ద గ్రూపుల్లో కలిసిపోయాయి. 2020లో నెట్‌మెడ్స్ రిలయన్స్ చేతికొచ్చింది. 2021లో 1ఎంజీ టాటా గ్రూపులోకి వెళ్లింది. అదే ఏడాది ఫార్మ్‌ఈజీ మాతృసంస్థ థైరోకేర్ ల్యాబ్స్‌లో మెజారిటీ వాటా కొంది. వీళ్లు మన డేటా అమ్ముతున్నారని నేను అనడం లేదు. కానీ మందులు, రక్తపరీక్షలు, సరుకులు, లోన్లు అన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చినప్పుడు, ఒకచోట ఇచ్చిన డేటా ఇంకోచోట వాడకుండా గోడ ఉందా అని అడగడం కస్టమర్‌గా మన హక్కు.

నాకూ ఒక అనుభవం ఉంది. మా అమ్మకి థైరాయిడ్ మాత్రలు కొన్నప్పుడల్లా నా నంబర్ ఇచ్చేవాణ్ని. కొన్నాళ్లకి ఒక కాల్. "సార్, ఇంట్లో లేడీస్‌కి థైరాయిడ్ ప్రొఫైల్ మీద ఆఫర్ ఉందండీ, ఇంటికొచ్చి శాంపిల్ తీసుకుంటాం." నా నంబర్ ఎవరిచ్చారని అడిగితే, "మాకు డేటాబేస్‌లో వచ్చిందండీ" అంది ఆ అమ్మాయి. షాపా, యాప్‌లో వెతికిందా, ల్యాబ్ బిల్లా, లేక ఊరికే కాకతాళీయమా? నేను రుజువు చేయలేను. నాకు చిరాకు తెప్పించింది కాల్ కాదు, ఈ రుజువు చేయలేకపోవడమే. నీళ్లు కాలవలోకి ఏ తూము నుంచి వచ్చాయో రైతు చూసి చెప్పగలడు. డేటా ఏ తూము నుంచి కారిందో మనకి చూపించే ఏర్పాటే లేదు.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తర్వాత 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ ‘దిశ’ అనే ముసాయిదా బిల్లు తెచ్చింది. డిజిటల్ ఆరోగ్య డేటాని, పేర్లు తీసేసినా సరే, వ్యాపారానికి వాడకూడదని అందులో స్పష్టంగా రాశారు. ఇన్సూరెన్స్ కంపెనీలు, ఉద్యోగమిచ్చేవాళ్లు, మందుల కంపెనీలు దాన్ని చూడకూడదని పేరుపెట్టి మరీ చెప్పారు. ఆ బిల్లు చట్టం కాలేదు. అదే ఏడాది వచ్చిన ఈ-ఫార్మసీ ముసాయిదా రూల్స్‌లో పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలని ఉంది. అవీ ముసాయిదాగానే ఉండిపోయాయి.

2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఇప్పుడు మనకున్న ప్రధాన ఆధారం. ఇందులో ఉదాహరణ కోసం ఇచ్చిన ఒక సందర్భం అచ్చంగా మన కథే. ఒకామె ఫార్మసీలో కొనుక్కుని, రసీదు మెసేజ్‌గా పంపమని తన వివరాలు ఇస్తుంది. ఆ వివరాలు రసీదు పంపడానికి వాడుకోవచ్చు అని చట్టం చెప్తుంది. అంటే ఏ పనికి ఇచ్చామో ఆ పనికే. ఇంకో ఉదాహరణలో ఒక టెలీమెడిసిన్ యాప్ వైద్యం కోసం అనుమతి అడుగుతూ కాంటాక్ట్స్ లిస్టు కూడా అడుగుతుంది. మనం రెండిటికీ ఓకే కొట్టినా, వైద్యానికి కాంటాక్ట్స్ అవసరం లేదు కాబట్టి ఆ భాగం అనుమతి చెల్లదు.

ఇంకొన్ని మంచి పాయింట్లు ఉన్నాయి. అనుమతి అడిగే నోటీసు తెలుగులో కావాలంటే ఇవ్వాలి. ఇచ్చిన అనుమతిని ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకోవచ్చు. డేటా డిలీట్ చేయమని అడగొచ్చు. భద్రత విషయంలో నిర్లక్ష్యం చేస్తే 250 కోట్ల రూపాయల వరకు పెనాల్టీ పడొచ్చు.

ఇప్పుడు మైనస్ పాయింట్లు. 2011 ఐటీ రూల్స్‌లో వైద్య రికార్డులకి ‘సున్నితమైన డేటా’ అని ప్రత్యేక హోదా ఉండేది. కొత్త చట్టంలో ఆ విభజనే లేదు, బిర్యానీ ఆర్డరూ బీపీ మందూ ఒకే గాటన కట్టేశారు. పెనాల్టీ సొమ్ము ప్రభుత్వ ఖజానాకి వెళ్తుంది, నష్టపోయిన మనిషికి కాదు. బాధితుడికి పరిహారం ఇచ్చే పాత ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ని ఈ చట్టం తీసేస్తోంది. ప్రభుత్వ సంస్థలకి మినహాయింపు ఇచ్చే అవకాశం కూడా ఉంది. రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, కానీ కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాతే, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి, మానసిక చికిత్స తీసుకుంటున్నవాళ్లకి మాత్రం 2017లో వచ్చిన రెండు వేర్వేరు చట్టాలు గోప్యత హక్కు ఇచ్చాయి. షుగర్, ఫిట్స్, క్యాన్సర్ ఉన్నవాళ్లకీ అలాంటి స్పష్టమైన మాట ఒకటి కావాలి.

ఇప్పుడే మార్చుకోవాల్సిన సెట్టింగ్స్

1. అడ్వర్టైజింగ్ ఐడీ తీసేయండి. ఆండ్రాయిడ్ 12, ఆపై వెర్షన్లలో సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్లి, యాడ్స్‌లో ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ నొక్కండి. బ్రాండ్‌ని బట్టి దారి కొంచెం మారుతుంది. ఐఫోన్‌లో ‘ట్రాకింగ్’ ఆఫ్ చేయండి.

2. లాక్ స్క్రీన్ నోటిఫికేషన్లు దాచండి. "మీ మాత్రలు అయిపోవస్తున్నాయి" అనే మెసేజ్ హాస్టల్ రూమ్‌లో, ఆఫీస్ టేబుల్ మీద అందరికీ కనిపించక్కర్లేదు.

3. పర్మిషన్లు తగ్గించండి. మందుల యాప్‌కి కాంటాక్ట్స్ వద్దు. లొకేషన్ యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే. ఆండ్రాయిడ్ 14లో గ్యాలరీ మొత్తం కాకుండా ఆ చీటీ ఫోటో ఒక్కటే సెలెక్ట్ చేసి ఇవ్వొచ్చు.

4. ఇన్‌స్టాల్ చేసేముందు చూడండి. ప్లే స్టోర్‌లో ‘డేటా సేఫ్టీ’ దగ్గర ఆరోగ్య సమాచారం షేర్ చేస్తారా లేదా అని ఉంటుంది. అది కంపెనీ తనంతట తను చెప్పుకున్నదే అని గుర్తుంచుకోండి. ఎక్సోడస్ ప్రైవసీ సైట్‌లో యాప్ పేరు కొడితే లోపల ఏ ట్రాకర్లు ఉన్నాయో చూపిస్తుంది.

5. వాట్సాప్‌లో చీటీ పంపుతున్నారా? ఆ షాపు చాట్‌కి 24 గంటల డిజప్పియరింగ్ మెసేజెస్ ఆన్ చేయండి. అవతలివాళ్ల ఫోన్‌లో ఆటో డౌన్‌లోడ్ ఉంటే ఫోటో గ్యాలరీలో ఉండిపోతుంది, కాబట్టి మందులు వచ్చాక డిలీట్ చేయమని ఒక మాట చెప్పండి.

6. ఏఐ చాట్‌బాట్‌తో డాక్టర్ రాత చదివించుకునేవాళ్లు పేరు, వయసు, ఫోన్ నంబర్, ఆసుపత్రి పేరు ఉన్న పైభాగం క్రాప్ చేసి పంపండి. మందుల పేర్లు చదవడానికి అవేమీ అక్కర్లేదు.

7. ఆభా నంబర్ ఉంటే యాప్‌లో ‘కన్సెంట్’ సెక్షన్ చూడండి. ఎవరికి, ఎన్నాళ్లకి రికార్డులు చూసే అనుమతి ఇచ్చారో అక్కడ ఉంటుంది. అవసరం తీరినవి రద్దు చేయండి.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో కూడా ఈ పని మీరే చేయాలి. గుడివాడలోనో, తెనాలిలోనో ఉన్న అమ్మమ్మ మందులు నెలనెలా ఆర్డర్ పెట్టేది మనమే కదా. అక్కడ పేరుకుంటున్న రికార్డు ఆమెది, నొక్కే వేలు మనది.

సెట్టింగ్స్‌తో సగమే పని అవుతుంది. మిగతా సగం షాపువాళ్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ప్రభుత్వం చేయాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే మన కుర్రాళ్లు ఈ ఆర్టికల్ చదువుతుంటే వాళ్లకి ఒక చిన్న రిక్వెస్ట్. ఆ ఫోన్ నంబర్ బాక్సుని ‘తప్పనిసరి’ నుంచి ‘ఐచ్ఛికం’కి మార్చండి. ఒక్క లైన్ కోడ్. 2027 మే దాకా ఆగక్కర్లేదు.